పంది మెదడులో సబ్‌థాలమిక్ న్యూక్లియస్ ఎక్కడుంటుంది? సెక్షన్లలో దొరకడం లేదు

వెట్‌అనాటమీ_పీజీ:

అందరికీ నమస్కారం. నేను వెటర్నరీ అనాటమీలో ఎం.వి.ఎస్‌సి. చేస్తున్నాను. థీసిస్ పంది బేసల్ గాంగ్లియా మీద, అంటే కదలికల్ని అదుపు చేసే కేంద్రాల మీద. కాడేట్, పుటామెన్, గ్లోబస్ పాలిడస్, సబ్‌స్టాన్షియా నైగ్రా, సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అన్నీ పందిలో ఎలా ఉంటాయో చూపించాలి. మొదటి మూడింటితో ఇబ్బంది రాలేదు. చివరి రెండింటి దగ్గర ఆగిపోయాను.

లార్జ్ వైట్ యార్క్‌షైర్ పందుల తలలు కబేళా నుంచి తెచ్చుకున్నాను. మెదడు తీసి 10 శాతం ఫార్మలిన్‌లో పెట్టి, గట్టిపడ్డాక కరోనల్‌గా, అంటే ఎడమ నుంచి కుడికి నిలువుగా, 5 మిల్లీమీటర్ల ముక్కలు కోశాను. ఒక్కో ముక్క పారాఫిన్ బ్లాకు చేసి, ముందు వైపు నుంచి కొన్ని సెక్షన్లు మాత్రమే తీశాను. మందం 8 మైక్రాన్లు. స్టెయిన్ ఎక్కువగా హెచ్ అండ్ ఈ (అన్ని కణజాలాలకీ వాడే మామూలు రంగు), కొన్నింటికి క్రెసిల్ వయొలెట్ (నాడీకణాల్ని ఎత్తిచూపే రంగు).

కాడేట్, పుటామెన్ చాలా స్పష్టంగా వచ్చాయి. రెండింటి మధ్య నుంచి ఇంటర్నల్ క్యాప్సూల్ అనే నరాల దారాల కట్ట తెల్లగా వెళ్తోంది. నైగ్రా మాత్రం కంటికి నల్లగా ఎక్కడా కనపడలేదు. సబ్‌థాలమిక్ న్యూక్లియస్ ఏ స్లైడులోనూ లేదు. మెడిసిన్ పుస్తకాల్లో మనిషి మెదడు బొమ్మ చూస్తే కందిబద్దలా నిండుగా, చుట్టూ అంచు గీసినట్టు ఉంటుంది. నా స్లైడుల్లో థాలమస్ కింద ఎక్కడ చూసినా చెదురుమదురు కణాలే. ఎలుక మెదడు అట్లాస్ పక్కన పెట్టుకుని పోల్చాను, అదీ కుదరలేదు.

అసలు ఏ ఆనవాళ్లు పట్టుకుని వెతకాలి? దాని పైన ఉండే జోనా ఇన్సెర్టా అనే కణాల పొర నుంచి దాన్ని వేరుచేసి ఎలా గుర్తుపట్టాలి? ఇంకొకటి, సెమినార్‌లో "ఎలుక ఉండగా పంది ఎందుకు" అని అడిగారు. "పంది మనిషికి దగ్గర" అన్నాను. "ఏ విషయంలో దగ్గర?" అని మళ్లీ అడిగితే సూటిగా చెప్పలేకపోయాను. తెలిసినవాళ్లు చెప్పగలరా? సబ్మిషన్ దగ్గరపడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది.

---

స్లైడ్‌బాక్స్ (పాథాలజీ):

మీ 5 మి.మీ. ముక్కల దగ్గరే సమస్య ఉంది. పందిలో ఆ న్యూక్లియస్ ముందు నుంచి వెనక్కి కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. ముక్క ముందు వైపు మాత్రమే సెక్షన్లు తీస్తే అది బ్లాకు లోపలే ఉండిపోయి ఉంటుంది. ఆ బ్లాకులు పారేయకండి. లోపలికి కోస్తూ వెళ్తే దొరికే అవకాశం ఉంది.

హెచ్ అండ్ ఈతో న్యూక్లియస్ హద్దులు తేల్చాలని చూడకండి. కణం బాగుందా పాడైందా అన్నది దాంతో తెలుస్తుంది గానీ, పక్కపక్కన ఉన్న రెండు గుంపుల్ని విడదీయడానికి అది పనికిరాదు.

తలలు ఎక్కడివో కూడా చూసుకోండి. పందిని మంట మీద కాల్చే చోట, వేడినీళ్లలో ముంచే చోట తల అదే వేడికి గురవుతుంది. కొట్టి చంపే చోట మెదడు లోపల రక్తం గడ్డకట్టి ఉంటుంది. తల ఎండలో ఎంతసేపు ఉందో కూడా లెక్కే. నిస్సల్ స్టెయిన్ (క్రెసిల్ వయొలెట్ లాంటిది) సరిగా పట్టలేదంటే చాలాసార్లు తప్పు స్టెయిన్‌ది కాదు, ఫార్మలిన్‌లో పడేసరికి జరిగిన ఆలస్యానిది.

---

పాత_అనాటమీ_మాస్టారు:

అమ్మా, నేను వెటర్నరీ కాలేజీలో అనాటమీ చెప్పి రిటైరయ్యాను. నువ్వు అంటున్నందుకు ఏమీ అనుకోకు. నీ ప్రశ్న చూసి సంతోషం వేసింది. మన దగ్గర పీజీలు ఎక్కువగా గేదె, మేక, కోడి మీదే ఆగిపోతారు. పంది మెదడు మీద, అందులోనూ ఇంత లోతైన చోట పని పెట్టుకున్నావంటే మెచ్చుకోవాలి. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు మెదడు తీయడం గురించి. నువ్వు రాయలేదు గానీ సగం పని అక్కడే చెడిపోతుంది. పంది పుర్రె పైనుంచి చూస్తే మెదడు చాలా పెద్దదనిపిస్తుంది. ఎముక మందంలో ఎక్కువ భాగం ఫ్రాంటల్ సైనస్, అంటే గాలి గది. పెద్ద పందిలో ఆ సైనస్ తల వెనక దాకా పాకి ఉంటుంది. రంపం పెట్టగానే ఎముక తెగి ఖాళీ వస్తుంది, మెదడు దాకా వచ్చామనుకుంటారు. అది సైనస్సే, దాని కింద ఇంకో ఎముక పలక ఉంటుంది. ఆ పలకని రంపంతో గట్టిగా కోస్తే పెద్దమెదడు పైభాగం చీరుకుపోతుంది. అక్కడ రంపం ఆపి, బోన్ కట్టర్‌తో కొంచెం కొంచెంగా తుంచుకుంటూ వెళ్లాలి. పైభాగం తీశాక మెదడుని వెనక నుంచి మెల్లగా ఎత్తి, కింద నరాల్ని ఒక్కొక్కటిగా కత్తిరించాలి. హైపోఫైసిస్ (పిట్యూటరీ గ్రంథి) దగ్గరికి వచ్చేసరికి లాగకూడదు. అది ఎముక గుంతలో కూర్చుని ఉంటుంది. దాని చుట్టూ సన్నటి రక్తనాళాల వల ఉంటుంది, రెటే మిరాబిలే అంటాం. మనిషిలో ఆ వల ఉండదు. తొందరపడి లాగితే హైపోథాలమస్ అడుగు ఊడి వస్తుంది. నీకు కావలసిన చోటు దానికి ఆనుకునే ఉంది.

తీసిన మెదడుని సీసా అడుగున పడుకోబెట్టకు, కింది భాగం నొక్కుకుపోతుంది. కింద ఉన్న బేసిలార్ ఆర్టరీ కిందుగా దారం పోనిచ్చి, తలకిందులుగా వేలాడదీయి. ఫార్మలిన్ ధారాళంగా పోయి, మధ్యలో ఒకసారి మార్చు.

ఇప్పుడు ఆనవాళ్లకి వద్దాం. గట్టిపడిన మెదడుని బోర్లా తిప్పి చూడు. ముందు ఆప్టిక్ కయాస్మా, రెండు కంటి నరాలు కలిసే చోటు. దాని వెనక హైపోఫైసిస్ తొడిమ తెగిన గుర్తు, ఆ వెనకే మామిలరీ బాడీ ఉబ్బు. రెండు పక్కల నుంచి లావుగా, చారలుగా వెనక్కి దిగుతూ సెరిబ్రల్ పెడంకిల్స్. వాటి మధ్య నుంచి మూడో కపాల నరం బయటికి వస్తుంది. కయాస్మా వెనక ఒక కోత, మూడో నరం మొదలు దగ్గర ఒక కోత పెట్టు. ఈ రెండింటి మధ్య వచ్చే ఒక్క బ్లాకులో నీ సబ్‌థాలమిక్ న్యూక్లియస్ మొత్తం ఉంటుంది. ఆ బ్లాకుని మళ్లీ ముక్కలు చేయకు. ఒకే బ్లాకుగా ఉంచి, ముందు నుంచి వెనక దాకా వరసగా సెక్షన్లు తీయి. అన్నింటికీ స్టెయిన్ వేయక్కర్లేదు. ప్రతి పదో సెక్షన్‌కి వేసి మిగతావి నంబర్లేసి దాచు. ఎక్కడ కనపడితే అక్కడి మధ్య సెక్షన్లు తర్వాత తీసుకోవచ్చు. వీలైతే పారాఫిన్ వదిలేసి, 30 శాతం పంచదార ద్రావణంలో మునిగేదాకా ఉంచి, ఫ్రీజింగ్ మైక్రోటోమ్ మీద 40 మైక్రాన్లు తీయి. ఇలాంటి న్యూక్లియస్‌కి పల్చటి సెక్షన్ వల్ల నష్టమే ఎక్కువ. 8 మైక్రాన్లలో ఒక్కో సెక్షన్‌కి నాలుగు కణాలు పడి, గుంపు గుంపులా కనపడదు. నువ్వు చెదురుమదురు కణాలన్నావు చూడు, అందులో కొంత ఈ మందం వల్లే.

మైక్రోస్కోప్ కింద మొదట న్యూక్లియస్ కోసం వెతకకు. ముందు తెల్లదారాల్ని పట్టుకో. మామిలరీ బాడీ కనపడే సెక్షన్ తీసుకుని, దాని నుంచి పైకి థాలమస్ వైపు వెళ్లే మామిలోథాలమిక్ ట్రాక్ట్‌ని చూడు. పక్కకి జరిగితే సెక్షన్ అంచున బలంగా, ఏటవాలుగా పెడంకిల్ కనపడుతుంది. ఇంటర్నల్ క్యాప్సూల్ కిందికి దిగి పెడంకిల్‌గా మారేది ఇక్కడే. ఆ పెడంకిల్ పైతట్టు మీద, లోపలి వైపుకి వాలి, అతుక్కున్నట్టుగా ఒక కణాల గుంపు ఉంటుంది. అదే మనకి కావలసింది. దాని లోపలి కొన హైపోథాలమస్ పక్క భాగం వైపు సన్నగా సాగుతుంది. పైన జోనా ఇన్సెర్టా, ఆ పైన థాలమస్.

జోనా ఇన్సెర్టా నుంచి వేరుచేయడం ఎలా అన్నావు. క్రెసిల్ వయొలెట్‌లో చూస్తే సబ్‌థాలమిక్ కణాలు మధ్యరకం సైజులో, దగ్గరదగ్గరగా, ముదురు రంగులో ఉంటాయి. జోనా ఇన్సెర్టాలో కణాలు పల్చగా, రకరకాల సైజుల్లో చెదిరి ఉంటాయి. అయినా కొత్తగా చూసేవాళ్లకి అంచు దగ్గర అనుమానం వస్తుంది. దానికి మందు క్లూవర్, బరేరా 1953లో చెప్పిన పద్ధతి: లక్సాల్ ఫాస్ట్ బ్లూ, క్రెసిల్ వయొలెట్ రెండూ ఒకే సెక్షన్‌కి వేయడం. మయలిన్ (నరాల దారాల మీది పొర) నీలంగా, కణాలు ఊదాగా వస్తాయి. జోనా ఇన్సెర్టాకీ సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌కీ మధ్య నుంచి లెంటిక్యులర్ ఫాసిక్యులస్ అనే దారాల పట్టీ వెళ్తుంది. నీలం రంగులో ఆ పట్టీ తేలిందంటే పైది జోనా, కిందది నీది. కింద పెడంకిల్ ఎలాగూ ముదురు నీలమే. రెండు నీలాల మధ్య ఊదా రంగు గుంపు ఒక్కసారి కంటపడితే ఇక ఎప్పటికీ మర్చిపోవు. ఫొటో తీసి థీసిస్‌లో పెట్టాల్సిన సెక్షన్ అదే.

నైగ్రా నల్లగా లేదని కంగారు పడ్డావు. మనిషి నైగ్రా ముక్క కోయగానే నల్లటి గీతలా కనపడేది న్యూరోమెలనిన్ వల్ల. అది వయసుతోపాటు పేరుకుంటుంది, మనిషిలో చాలా ఎక్కువ. మాంసానికి కోసే లేత పందిలో అంత నలుపు కంటికి ఆనదు. ఇక్కడ కంటిని కాక స్టెయిన్‌ని నమ్ముకోవాలి. టైరోసీన్ హైడ్రాక్సిలేజ్ యాంటీబాడీ వేస్తే డోపమిన్ కణాలన్నీ గోధుమ రంగులో తేలతాయి. ఖర్చు భరించలేకపోతే క్రెసిల్ వయొలెట్‌లోనే పెడంకిల్ మీద పెద్ద కణాల వరస చూసి గుర్తుపట్టవచ్చు.

మనిషి బొమ్మతో పోల్చి ఇబ్బంది పడ్డానన్నావు. కారణం ఉంది. మనిషి నిటారుగా నిలబడే ప్రాణి. పెద్దమెదడుకీ బ్రెయిన్ స్టెమ్‌కీ మధ్య బాగా వంపు ఉంటుంది. అందుకని మనిషిలో కరోనల్‌గా కోస్తే సబ్‌థాలమిక్ న్యూక్లియస్, నైగ్రా ఒకదాని కింద ఒకటి ఒకే ముక్కలో పడతాయి. పందిలో ఆ వంపు తక్కువ. నైగ్రాలో ఎక్కువ భాగం వెనక సెక్షన్లలో వస్తుంది. ముందు సెక్షన్లలో పెడంకిల్ మీద సబ్‌థాలమిక్ న్యూక్లియస్ ఉన్న చోటునే, వెనక్కి వెళ్లేకొద్దీ నైగ్రా ఆక్రమిస్తుంది. ఒక్క ముక్కలో రెండూ నిండుగా కనపడాలని చూడకు. వరస సెక్షన్లలో ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరగడం చూపించు.

ఎలుక అట్లాస్ కుదరలేదన్నావు, కుదరదు. ఎలుకలో కాడేట్, పుటామెన్ విడిగా ఉండవు. ఒకే ముద్దగా ఉండి, క్యాప్సూల్ దారాలు చిన్నచిన్న కట్టలుగా ఆ ముద్దలో నుంచి దూరి వెళ్తాయి. పందిలో ఆ రెండింటినీ క్యాప్సూల్ విడదీయడం నీ స్లైడుల్లో నువ్వే చూశావు. సెమినార్‌లో అడిగిన ప్రశ్నకి నీ మొదటి జవాబు అదే కావాలి. పుస్తకంలో వాక్యం కంటే నీ స్లైడు గట్టి సాక్ష్యం.

---

మన_ఫారం_గోదావరి:

సార్, మధ్యలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నాకు పందుల ఫారం ఉంది. ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నీ నిలబడితే వణుకుతున్నాయి, తల కూడా ఊగుతోంది. పడుకుంటే వణుకు తగ్గిపోతోంది. రొమ్ము పట్టుకోలేక రెండు చనిపోయాయి. మీరు చెప్పే ఈ కేంద్రం దెబ్బతింటేనే ఇలా అవుతుందా?

---

పాత_అనాటమీ_మాస్టారు:

కాదండీ. మీరు చెప్పిన లక్షణాలు కంజెనిటల్ ట్రెమర్‌వి, పుట్టుకతో వచ్చే వణుకు. పడుకుంటే తగ్గడం దాని గుర్తు. అక్కడ దెబ్బ తగిలేది ఎక్కువగా నరాల మీది మయలిన్ పొరకి, వెన్నుపాములోనూ మెదడులోనూ. చాలా ఈతల్లో కారణం కడుపులో ఉండగా సోకే ఎటిపికల్ పోర్సైన్ పెస్టివైరస్. తల్లి కడుపుతో ఉన్నప్పుడు స్వైన్ ఫీవర్ వైరస్ సోకినా పిల్లల్లో చిన్నమెదడు సరిగా ఎదగక వణుకు వస్తుంది.

ముందు పిల్లల్ని కాపాడుకోండి. రొమ్ము దగ్గర చేత్తో పట్టించండి, అవసరమైతే జున్నుపాలు పిండి తాగించండి, కింద వెచ్చగా ఉంచండి. పాలు అందుతూ బతికినవాటిలో వారాలు గడిచేకొద్దీ వణుకు తగ్గడం సాధారణం. చనిపోయిన పిల్లల్ని పాతిపెట్టేముందు దగ్గర్లోని పశువుల డాక్టర్ గారికి చూపించండి. స్వైన్ ఫీవర్ కాదని తేల్చుకోవడం మీ ఫారం మొత్తానికి అవసరం. ఆ తల్లికి టీకా ఎప్పుడు వేశారు, కొత్త మగపంది ఏదైనా వచ్చిందా, ఈ రెండూ ఆయనకి తప్పక చెప్పండి.

---

న్యూరో_వైజాగ్:

నేను మనుషుల డాక్టర్‌ని, న్యూరాలజీ. పార్కిన్సన్స్ రోగులకి డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ (మెదడు లోపల ఎలక్ట్రోడ్ పెట్టి కరెంటు ఇచ్చే చికిత్స) చేసే టీమ్‌లో పనిచేస్తాను. మాస్టారు అనాటమీ చెప్పారు కాబట్టి, "పంది ఎందుకు" అన్న దాని మీద నాకు తెలిసింది రాస్తాను.

ఈ కేంద్రాన్ని 1865లో ఫ్రాన్స్‌లో ల్యూయి వర్ణించాడు. మనిషిలో ఒక పక్క ఇది దెబ్బతింటే అవతలి పక్క చెయ్యీ కాలూ విసిరికొట్టినట్టు ఆగకుండా కదులుతాయి. హెమీబాలిస్మస్ అంటాం. ఒకసారి చూస్తే మర్చిపోలేం. రోగి చేతిని మంచానికి అదిమి పట్టుకుని కూర్చుంటాడు, వదిలితే మళ్లీ ఎగురుతుంది. ఇంత చిన్న గుంపు మన కదలికల మీద ఎంత బ్రేకు వేస్తోందో అక్కడ అర్థమవుతుంది. పార్కిన్సన్స్‌లో దీనికి తలకిందులు. నైగ్రాలో డోపమిన్ కణాలు పోయాక ఈ న్యూక్లియస్ మితిమీరి పనిచేస్తుంది. ఇది గ్లుటమేట్, అంటే పక్క కణాల్ని ఉత్తేజపరిచే రసాయనం, విడుదల చేసే కేంద్రం. పాలిడస్‌నీ నైగ్రాలోని రెటిక్యులేటా భాగాన్నీ ఉసిగొల్పుతుంది, అవి థాలమస్‌ని నొక్కిపెడతాయి. దాంతో మనిషి అడుగు తీసి అడుగు వేయలేడు.

1990లో బెర్గ్‌మన్, విక్‌మన్, డీలాంగ్ కోతుల్లో ఎం.పి.టి.పి. అనే విషంతో పార్కిన్సన్స్ తెప్పించి, ఈ న్యూక్లియస్‌ని దెబ్బతీస్తే లక్షణాలు తగ్గాయని చూపించారు. తర్వాత ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిడ్ బృందం 1993లో రోగుల్లో ఇక్కడే ఎలక్ట్రోడ్ పెట్టి కరెంటు ఇచ్చింది. డీలాంగ్, బెనబిడ్ ఇద్దరికీ 2014లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు వచ్చింది. ఇప్పుడు మేం చేసేది అదే పని. సెకనుకి సుమారు 130 సార్లు, 60 మైక్రోసెకన్ల పల్స్.

పంది అవసరం ఇక్కడ వస్తుంది. ఎలుక మెదడు బరువు సుమారు 2 గ్రాములు. 1996లో లెక్కపెడితే దాని సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లో ఒక పక్కకి వచ్చినవి సుమారు 13,600 కణాలు. మనకి వాడే ఎలక్ట్రోడ్ మందం 1.27 మిల్లీమీటర్లు, ఒక్కో కాంటాక్ట్ ఎత్తు 1.5 మిల్లీమీటర్లు. ఎలుకకి ఆ ఎలక్ట్రోడ్ పెడితే న్యూక్లియస్ మిగలదు. పందిలో మడతలున్న మెదడు, మనిషికి వాడే ఎలక్ట్రోడ్, మనిషికి తీసే ఎంఆర్‌ఐ మెషీన్ మూడూ కలిసి పనిచేస్తాయి. కరెంటు ఎంత దూరం పాకుతుంది, పక్కనున్న క్యాప్సూల్‌కి తగిలి కండరాలు ఎప్పుడు బిగుసుకుంటాయి అన్నది పందిలో చూడొచ్చు. మా ఆపరేషన్ గదిలో కరెంటు పెంచుతుంటే రోగి మూతి పక్కకి లాగడం మొదలవుతుంది. అది కరెంటు క్యాప్సూల్‌కి పాకిందని గుర్తు. అనాటమీలో మీరు గీసే ఆ పెడంకిల్ అంచు మాకు రోజూ కావలసిన గీత.

ఈ పనికి మామూలు పంది పనికిరాదు. మీ యార్క్‌షైర్ ఆరు నెలల్లోనే 100 కిలోలకి దగ్గరపడుతుంది. ఈరోజు కొలిచిన దూరం రెండు నెలల తర్వాత పనికిరాదు, పుర్రె, సైనస్ రెండూ పెరిగిపోతాయి. అందుకే జర్మనీలోని గోటింగెన్ విశ్వవిద్యాలయంలో 1960ల్లో మినిపిగ్‌ని తయారుచేశారు. మిన్నెసోటా మినిపిగ్, వియత్నాం పొట్టపంది, జర్మన్ లాండ్రేస్ కలిపిన జాతి. పెద్దయ్యాక కూడా సుమారు 35 నుంచి 45 కిలోలు. డెన్మార్క్‌లోని ఆర్హుస్ వాళ్లు ఈ గోటింగెన్ పంది మీదే చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. 2004లో దీని సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనాటమీని ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీతోనూ (యాంటీబాడీలతో వేసే స్టెయిన్) స్టీరియాలజీతోనూ (సెక్షన్ల నుంచి కణాల సంఖ్య, ఘనపరిమాణం లెక్కకట్టే పద్ధతి) వివరంగా ప్రచురించారు. మీ థీసిస్‌కి అది తప్పనిసరిగా చదవాల్సిన పేపర్.

---

వెట్‌అనాటమీ_పీజీ:

సర్, డాక్టర్ గారు, అందరికీ చాలా థాంక్స్. స్లైడ్‌బాక్స్ గారు చెప్పినట్టు పాత బ్లాకుల్లో లోపలికి కోస్తూ వెళ్లాను. మామిలరీ బాడీ ఉన్న బ్లాకులో లక్సాల్ ఫాస్ట్ బ్లూతో నీలం పట్టీ వచ్చింది. దాని కింద ఊదా రంగు గుంపు ఉంది. మా గైడ్ మేడమ్‌కి చూపిస్తే ఆవిడా అదేనన్నారు.

ఇంకో రెండు అనుమానాలు. పాలిడస్ మనిషిలో బయటి, లోపలి అని రెండు భాగాలుగా పక్కపక్కనే ఉంటుంది కదా. నాకు బయటి భాగం ఒక్కటే కనపడుతోంది, రెండోది ఏమైంది? ఇంకొకటి, "మనిషికి దగ్గర" అని రాయాలంటే ఎక్కడ ఆపాలి? అన్నీ ఒకటే అని రాస్తే వైవాలో పట్టుకుంటారేమో.

---

పాత_అనాటమీ_మాస్టారు:

దొరికిందన్నావు, చాలా సంతోషం. ఆ బ్లాకుని ఇక ముట్టుకోకు. మిగతా పందుల నుంచి కొత్త బ్లాకులు నేను చెప్పిన పద్ధతిలో తీసుకో.

లోపలి పాలిడస్ ఎక్కడికీ పోలేదు. పందిలో దాన్ని ఎంటోపెడంక్యులార్ న్యూక్లియస్ అంటారు. అది ఇంటర్నల్ క్యాప్సూల్ దారాల మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. బయటి పాలిడస్ నుంచి లోపలికి, కిందికి జరిగి క్యాప్సూల్ లోపల చూడు. నీలం దారాల మధ్య కణాలు ద్వీపాల్లా కనపడితే అదే. బరిలోకి కొత్తగా దిగినవాళ్లు దీన్నే సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనుకుంటారు, ఎందుకంటే రెండూ క్యాప్సూల్‌ని పట్టుకునే ఉంటాయి. తేడా ఒక్కటే: ఎంటోపెడంక్యులార్ దారాల లోపల ఉంటుంది, సబ్‌థాలమిక్ దారాల మీద కూర్చుంటుంది. సెక్షన్ల వరసలో ఎంటోపెడంక్యులార్ ముందు వస్తుంది.

ఎక్కడ ఆపాలన్నది మంచి ప్రశ్న, దానికి థీసిస్‌లో ఒక పేజీ పెట్టు. లోపలి కేంద్రాలు, వాటి అమరిక, మడతలు, క్యాప్సూల్ వరకు దగ్గర అని ధైర్యంగా రాయి. ఆ కేంద్రాల నుంచి ఆజ్ఞ కిందికి దిగే దారి దగ్గర ఆగు. మనిషిలో పిరమిడల్ ట్రాక్ట్ వెన్నుపాము అడుగు దాకా వెళ్లి వేళ్లని ఒక్కొక్కటిగా కదిలిస్తుంది. గిట్టల జంతువుల్లో అది వెన్నుపాములోకి దిగేకొద్దీ త్వరగా సన్నబడుతుంది. నడకని ఎక్కువగా మోసేవి బ్రెయిన్ స్టెమ్ నుంచి దిగే దారులు. పందిపిల్ల పుట్టిన కాసేపటికే లేచి రొమ్ము వెతుక్కుంటూ నడుస్తుంది, మన బిడ్డకి ఏడాది పడుతుంది. అందుకని పందిలో చూసిన నడకని మనిషి నడకగా రాయకు.

కార్టెక్స్ విషయంలో కూడా జాగ్రత్త. ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఏడ్రియన్ 1943లో గిట్టల జంతువుల మెదళ్ల మీద కొలిచినప్పుడు పంది స్పర్శ ప్రాంతంలో సింహభాగం మూతిదే అని తేలింది. మనిషి చేత్తో చేసే పని పంది మూతితో చేస్తుంది. తవ్వడం, తిప్పడం, వెతకడం అంతా దాంతోనే. సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌కి కార్టెక్స్ నుంచి నేరుగా వచ్చే దారాలు ఉంటాయి కాబట్టి, దాని లోపల ఏ మూల ఏ అవయవానికి సంబంధించిందో మనిషి పటం చూసి పందికి అంటించడం సరికాదు. మనిషిలో పై-బయటి మూల కదలికలకి, కింది-లోపలి మూల భావోద్వేగాలకి అంటారు. నీ స్లైడులు కణాల్ని చూపిస్తాయి గానీ ఈ పంపకాన్ని చూపించవు. దానికి ట్రేసర్ (దారాలు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తాయో చూపే పదార్థం) ఇంజెక్ట్ చేయాలి. చూపించనిదాన్ని రాయకు, వైవాలో నిన్ను ఎవరూ కదిలించలేరు.

కణాల లెక్క పెడతానంటే ముందే చెప్పు. ఒక సెక్షన్‌లో కనపడిన కణాలు లెక్కపెట్టి సగటు తీసే పాత అలవాటు ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. పెద్ద కణం ఎక్కువ సెక్షన్లలో పడుతుంది కాబట్టి లెక్క దాని వైపు వాలిపోతుంది. పారాఫిన్‌లో కణజాలం బాగా కుంచించుకుపోతుంది కూడా. ఇప్పుడు కణాల లెక్కకి వాడే ఆప్టికల్ ఫ్రాక్షనేటర్ పద్ధతికి మందపాటి సెక్షన్లు, న్యూక్లియస్ మొదటి కొస నుంచి చివరి కొస దాకా సమాన దూరంలో తీసినవి కావాలి. మొదటి సెక్షన్‌ని లాటరీ వేసి ఎంచుకోవాలి. మోటారుతో కదిలే స్టేజ్ ఉన్న మైక్రోస్కోప్ మీ కాలేజీలో లేకపోతే లెక్క జోలికి పోకు. క్యావలియరీ పద్ధతిలో ఘనపరిమాణం ఒక్కటి కొలువు. దానికి చుక్కల గ్రిడ్ ఉన్న పారదర్శక షీటు, ఫొటోలు చాలు.

---

న్యూరో_వైజాగ్:

ఒక్క మాట కలుపుతాను. ఘనపరిమాణం కొలిస్తే కుడి, ఎడమ విడివిడిగా రాయండి, పంది బరువు, మగ ఆడ, సుమారు వయసు పక్కన వేయండి. ఫిక్స్ చేయకముందు మెదడు బరువు కూడా. మామిలరీ బాడీ నుంచి న్యూక్లియస్ ముందు కొసకీ వెనక కొసకీ ఎంత దూరమో మిల్లీమీటర్లలో ఇవ్వండి. గోటింగెన్ మినిపిగ్ మీద పని చాలా ఉంది గానీ, మన దగ్గర దొరికేది మీరు కోసిన ఈ మామూలు ఫారం పందే. రేపు ఇక్కడ ఎవరైనా ఎలక్ట్రోడ్ పని మొదలుపెడితే వాళ్లకి ముందు కావలసినవి మీ పట్టికలో ఉండే ఆ దూరాలే.